క్రిసాంతో ముక్కు

"ఇదే ఎపాక్సీ!" డబ్బా మూత తీసి, వాసన చూసి తేల్చేశాడు క్రిసాంతో. "గట్టిపడే మందు కలుపు, మారిసెల్. ఆదివారమే నీ పోటీ."

తుపాను నీళ్లకి రెండు రెజిన్ డబ్బాల మీదా చీటీలు ఊడిపోయాయి. ఒకటి బోర్డుకి పూత పూసే ఎపాక్సీ, రెండోది ఘాటు వాసన వేసే పాలిస్టర్. పాలిస్టర్ తగిలితే మారిసెల్ నెలంతా చెక్కుకున్న థర్మోకోల్ సర్ఫింగ్ బోర్డు కరిగిపోతుంది.

గుమ్మంలో ఉన్న మారిసెల్‌కి తెరిచిన డబ్బాలోంచి వస్తున్న ఘాటుకి కళ్లు మండాయి.

"నాన్నా, ఇంకోసారి చూడు."

"నలభై ఏళ్లుగా రెజిన్ వాసన చూస్తున్న ముక్కు ఇది! నాకే నేర్పుతావా?"

ఆమె దగ్గరికొచ్చి థర్మోకోల్ ముక్కొకటి ఆ డబ్బాలో వేసింది. చూస్తుండగానే అది కరిగిపోయింది.

"ఎన్నాళ్లయింది నాన్నా?"

క్రిసాంతో బ్రష్ ఆమె చేతిలో పెట్టాడు.

"మీ అమ్మతో అనకు. పులుసు ఘుమఘుమలాడుతోందని రోజూ మెచ్చుకుంటున్నాను."