ఎక్కువ కాలం వచ్చే ప్లగ్గులు

"ప్లగ్గులు నాలుగూ కాలిపోయినాయన్నా, మార్చాల," అన్నాడు మెకానిక్ శరవణన్, కారు బానెట్ కింద నుంచి తలెత్తి. "సాదావి రెండేండ్లు వస్తాయి. ఇరీడియంవైతే ఎనిమిదేండ్లు చూడబన్లేదు. ఏవి వేసేది?"

తిరుత్తణి షెడ్డు నీడలో కుర్చీ వేసుకుని కూర్చున్న చెంగల్వరాయుడు నోరు తెరిచేలోపే, భార్య ఇంద్రాణి అనేసింది.

"సాదావే చాలు శరవణా. రెండేండ్లు చాలదా?"

అన్నాక గాని తానేమన్నదో ఆమెకు తెలియలేదు. ఆయన ఈ ఏడు దాటడం కష్టమని డాక్టరు ఆమెతో మాత్రమే చెప్పాడు. కడుపులో ఉన్నది వట్టి పుండేనని, మాత్రలకు మానిపోతుందని ఆమె ఆయనను నమ్మిస్తూ వచ్చింది.

చెంగల్వరాయుడు ఆమె వైపు చూశాడు. ఆ చూపులో ఆశ్చర్యం లేదు.

"వద్దు శరవణా, ఎక్కువ కాలం వచ్చేవే వెయ్యి. నాకైతే సాదావే చాలు. బండి ఇంక మీ ఇంద్రాణక్కది."

ఇంద్రాణి ఆయన కుర్చీ దగ్గరికి వచ్చింది. "మీకెవరు చెప్పినారు?"

"నువ్వు కొళాయి తిప్పేసి ఏడస్తా ఉంటే ఇంకొకరు చెప్పాల్నా, ఇంద్రా?"

శరవణన్ కొత్త ప్లగ్గులు బిగించాడు. ఇన్నేళ్ళలో భార్యను ఒక్కసారీ స్టీరింగు ముట్టనివ్వని చెంగల్వరాయుడు, తాళంచెవి ఆమె అరచేతిలో పెట్టి డోరు తెరిచాడు.

"కూచో. క్లచ్చి యాడుందో చూపిస్తా."

ఇంజను తొలి తిప్పుకే అందుకుంది. ఇంద్రాణికి మాత్రం కన్నీళ్ళలో ఎదుటి రోడ్డు కనబడలేదు.

"తుడుచుకోని చూడు," అన్నాడాయన, మెల్లగా పక్క సీట్లో కూర్చుంటూ. "నేనుండంగానే నేర్చుకోవాల."