మడిచిన బొటనవేలు

"మళ్లీ గోరు కొరుకుతున్నావా?"

తల్లి చేతిమీద ఒక్కటిచ్చింది. ఎనిమిదేళ్ల దాయోన్ ఎడమ బొటనవేలిని గబుక్కున అరచేతిలో దాచేసుకుంది.

సియోల్‌లో పిల్లల ఎదుగుదల చూసే క్లినిక్ అది. దాయోన్‌కి వాలీబాల్ అంటే పిచ్చి. ఎత్తు ఎదగకపోతే జట్టులో చోటుండదు. అందుకే తల్లి ఎడమచేతికి ఎక్స్‌రే తీయించి ఎముకల వయసు తెలుసుకుందామని తీసుకొచ్చింది.

కొత్తగా చేరిన నర్సు ఎక్స్‌రే తీయించి తెచ్చింది. ఎక్స్‌రే చూసి ఎముకల వయసు చెప్పే మిషన్ రెప్పపాటులో లెక్క తేల్చేసింది.

"ఎనిమిదేళ్ల మూడు నెలలు. ఎముకలు వయసుకు తగ్గట్టే ఉన్నాయమ్మా," అంది నర్సు.

తల్లి ప్రాణం కుదుటపడింది.

"మళ్లీ తీయించమ్మా."

మాట్లాడింది బెంచీ చివర కూర్చున్న ముసలాయన. వెలిసిన కోటు, ఒళ్లో అట్ట చిరిగిన నోటుబుక్కు. ఊరికే ఇచ్చే బార్లీ టీ కోసం రోజూ వస్తాడని స్టాఫ్ నవ్వుకునేవాళ్లు.

"ఎక్స్‌రే తీసేటప్పుడు పాప బొటనవేలు మడిచేసింది, దాని మొదలు కనపడదు. అక్కడ నువ్వుగింజంత ఎముక పుట్టిందంటే ఎదుగుదల ఆగే రోజులు దగ్గరపడ్డట్టే. ఇప్పుడే కనిపెడితే దాన్ని వెనక్కి నెట్టే సూదిమందు ఉంది."

"తాతగారూ, ముప్ఫై వేలమంది పిల్లల చేతులు చూసి నేర్చుకున్న మిషన్ అది. మీరెన్ని చూశారేంటి?" అంది నర్సు.

ముసలాయన ఒళ్లోని నోటుబుక్కు తెరిచి, మళ్లీ మూసేశాడు.

"ఒక్క నిమిషం పనమ్మా..."

"కింద ట్యూషన్ బస్సు ఆగి ఉంది. మీకైతే పొద్దుపోవాలి, మాకు బోలెడు పనులు," అంటూ తల్లి పాప చెయ్యి పట్టుకుని లేచింది.

తర్వాతి ఏడాది దాయోన్ క్లాసులో అందరికంటే పొడుగైంది. తల్లి కనిపించినవాళ్లందరికీ చెప్పుకుని మురిసిపోయింది.

పదో ఏట ఎదుగుదల ఉన్నట్టుండి ఆగిపోయింది.

అదే క్లినిక్. ఈసారి పెద్ద డాక్టర్ తనే పాప వేళ్లు విడదీసి తీయించాడు.

"ఎముకల్లో ఎదిగే సందులు దాదాపు మూసుకున్నాయి. ఇంకో మూడు సెంటీమీటర్లు పెరిగితే ఎక్కువ. సూదిమందుకు వేళ దాటిపోయిందమ్మా."

"అంటే నన్నింక జట్టులోకి తీసుకోరా, అమ్మా?"

తల్లి పాపను దగ్గరికి తీసుకుంది. ఆమె కళ్లు బెంచీ చివరికి వెళ్లాయి. అక్కడ ఎవరూ లేరు.

"ఆ తాతగారు ఏరి?"

"పోయిన నెల పోయారు. ఇదొక్కటి బెంచీ మీద మిగిలింది."

డాక్టర్ సొరుగులోంచి నోటుబుక్కు తీసిచ్చాడు. పేజీ పేజీకీ ఒక తేదీ, ఒక పిల్ల పేరు, 'వేలు మడిచింది' అన్న మాట.

దాయోన్ పేరు కింద ఇంకో వాక్యం ఉంది. 'తల్లి వినలేదు. బస్సుకి అడ్డంగానైనా నిలబడాల్సింది.'

ఆమె వెనక్కి మొదటి పేజీకి తిప్పింది.

'ఈ మిషన్‌కి నేర్పిన ముప్ఫై వేల చేతులకూ వయసు రాసింది నేనే. వేళ్లు మడిచినచోట తొందరలో ఊహించి రాశాను, అది నా తప్పును కూడా నేర్చుకుంది. - డాక్టర్ ప్యో.'