దాన్ని అంటే

నర్సు తీసిచ్చిన నాలుగు జడపిన్నులు పెద్దావిడ గుప్పిట్లో ఉన్నాయి.

ఆవిడ బట్టలు ఇస్త్రీ చేస్తుంది. లోపల మంచం మీద ఉన్నది ఆవిడ ఒక్కగానొక్క కూతురు. ఇరవై ఆరేళ్ళు. స్కూటర్ మీద పనికి వెళుతూ పడిపోయి పదకొండు రోజులైంది.

డాక్టర్‌కు తెలుగు రాదు. ఆవిడకు ఇంగ్లీషు రాదు. ఒకరి మాట ఇంకొకరికి చేరవేయడం ఈ ఆసుపత్రిలో నా ఉద్యోగం. సొంత పైత్యం ఒక్క ముక్క కూడా కలపకూడదు.

మొదటి రోజుల్లో ఆవిడ మాట్లాడుతూనే ఉండేది.

"అది మహా మొండిది తల్లీ. హెల్మెట్ పెట్టుకోవే అంటే జుట్టు పాడవుతుందనేది. అదీ, దాని జుట్టూ."

నేను డాక్టర్‌కు 'షీ' అని చెప్పేదాన్ని. 'అది'ని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో పెడితే 'ఇట్' అవుతుంది. బల్లకూ బకెట్‌కూ వాడే మాట. కన్నకూతుర్ని బకెట్ కింద జమకడితే ఆవిడ నన్ను బతకనిస్తుందా?

మనకు ఆ పేచీ లేదు. బల్లా అదే, బకెట్టూ అదే, కడుపున పుట్టిన పిల్లా అదే. ముద్దొచ్చినా అదే, కోపమొచ్చినా అదే.

నేనెప్పుడూ తడబడలేదు. ఎవరి గురించి అంటోందో ఆవిడ గొంతులోనే తెలిసిపోయేది.

ఈ రోజు మధ్యాహ్నం డాక్టర్ మా ఇద్దరినీ పక్కనున్న చిన్న గదిలోకి పిలిచాడు. మూడు కుర్చీలు, ఒక నీళ్ళ సీసా. కిటికీ లేదు.

మెదడు ఇక కోలుకోదన్నాడు. ఊపిరి పిల్లది కాదు, మెషీన్‌ది అన్నాడు. మెషీన్ ఉంచమంటారా, తీసేయమంటారా అని అడిగాడు.

అంతా తెలుగులో చెప్పాను. నా గొంతు నాకే నచ్చలేదు.

ఆవిడ గుప్పిట విప్పి జడపిన్నులు ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంది.

"దాన్ని ఇంక వదిలేయమను," అంది.

ఇంగ్లీషులో చెప్పబోయి ఆగాను.

మెషీన్‌ని అలాగే వదిలేసి, దాని జోలికి పోవద్దనా? లేక పిల్లను వదిలేయమనా?

తెలుగులో రెంటికీ ఒకటే మాట. ఇంగ్లీషులో నేను 'ఇట్' అంటే మెషీన్ ఉంటుంది. 'హర్' అంటే పిల్ల ఉండదు.

ఈసారి ఆవిడ గొంతులో ఏమీ తెలియలేదు.

డాక్టర్ నా వైపే చూస్తున్నాడు. అడక్క తప్పలేదు.

"పెద్దమ్మా, దాన్ని అంటే... దేన్ని?"

అడిగినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

"ఆ మాత్రం తెలీదా నీకు?"

"నాకు నేనుగా అనుకుని చెప్పకూడదు పెద్దమ్మా. మీరే చెప్పాలి."

"నేనన్నది అన్నట్టే చెప్పు మరి."

"చెప్పడానికి కుదరదు. వాళ్ళ భాషలో మెషీన్‌కు వేరే మాట, మనిషికి వేరే మాట."



"నా నోటితోనే అనిపిస్తావా తల్లీ?"



గోడ అవతల ఎవరో ట్రాలీ తోసుకుంటూ వెళ్ళారు. ఆ చప్పుడు పూర్తిగా తగ్గేదాకా ఆవిడ ఆగింది.

"మెషీన్‌ని కాదు," అంది.

డాక్టర్ వైపు తిరిగాను.

"లెట్ హర్ గో," అన్నాను.

ఆయన తల ఊపాడు. ఆవిడ భుజం మీద ఒక్క క్షణం చెయ్యి వేసి బయటికి వెళ్ళాడు.

తలుపు మూసుకున్నాక ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది.

"చెప్పేశావా?"

"చెప్పాను పెద్దమ్మా."

"అంత చిన్న మాటా?"