సౌండు మీద చెయ్యి

“మాటలేమో గోడవతల గొణిగినట్టు, కొట్లాటేమో నెత్తిన పిడుగు పడ్డట్టు. ఇదేం సౌండయ్యా? సాయంత్రంలోగా విప్పి పట్టుకుపో,” అన్నారు జగన్మోహనరావు గారు, చేతిలోని రిమోట్‌ను టీపాయ్ మీద పడేస్తూ.

గుడివాడలో హోమ్ థియేటర్ల షాపు నడిపే అంకమ్మరావు ఇచ్చిన సరుకు వెనక్కి తెచ్చుకోవడం ఎరగడు. చల్లపల్లిలో ఈ ఒక్క ఇంట్లో స్పీకరు బాక్సులు విప్పితే కథ ఇక్కడితో ఆగదు. ఈయన మాట మీద ఆర్డరిచ్చిన కృత్తివెన్ను బావమరిదీ, పామిడిముక్కల వియ్యంకుడూ రేపు కాఫీ తాగేలోపు ఫోన్ చేసి మాకూ వద్దంటారు.

“మాటలొచ్చే మధ్య స్పీకర్ పెంచానండి. దడదడలాడించే ఊఫర్ బాగా తగ్గించాను. ఒక్కసారి చూడండి.”

చూశారు. తెర మీద తల్లి కొడుకుతో ఏదో అంది. ఝాన్సీలక్ష్మి గారు సోఫాలో ముందుకు వంగి, “ఏమందండీ?” అని భర్తను అడిగారు. ఆయన రిమోట్ అందుకుని పెంచారో లేదో, లారీ పేలింది. కిటికీ అద్దాలు జిల్లుమన్నాయి. వంటింట్లో గిన్నె ఒకటి దొర్లుకుంటూ వచ్చింది.

“చూశావా?”

“సినిమాలే అట్లా తీస్తున్నారండి ఇప్పుడు. పెద్ద సినిమా హాళ్లకని పెట్టిన సౌండు ఇంట్లోకొస్తే...”

“హాలు సంగతి నాకు చెప్పకు. ముప్పై ఏళ్లు ఈ ఊళ్లోనే హాలు నడిపాను. రేకుల హాలు, రెండే బాక్సులు. రేకుల మీద వాన దంచుతున్నా నేల టిక్కెట్టు వాడికి అక్షరం పొల్లుపోకుండా వినపడేది. ఫైటింగు జరుగుతుంటే చంటిపిల్లలు తల్లి ఒళ్లో నిద్రపోయేవాళ్లు. నీ ఆరు బాక్సులకి ఆ మాత్రం చేతగాదా?”

అంకమ్మరావుకి చిన్నప్పుడు మేనమామ సైకిల్ ఎక్కి వచ్చి ఆ హాల్లో చూసిన ఆటలు గుర్తొచ్చాయి. కాళ్ల కింద ఇసక, వేడి బఠాణీల పొట్లం, బీడీ పొగలోంచి తెర మీదికి పోయే వెలుగు గీత. పక్క ఊళ్లలో ‘సౌండూ’ అని అరవకుండా ఒక్క ఆటా నడిచేది కాదు. ఇక్కడ ఆ అరుపు విన్న గుర్తే లేదు.

“మీ హాల్లో సౌండు ఎవరు చూసేవారండి?”

“నాగుల్ మీరా అని, మా ఆపరేటరు. ఆట మొదలైతే సౌండు మీంచి చెయ్యి తీసేవాడు కాదు. ఇప్పుడు బందర్లో కూతురి దగ్గరున్నాడు.”

“ఆయన్ని పిలిపించండి. ఆయన కూడా బాగోలేదంటే నేనే విప్పుకుపోతాను, మళ్లీ మాట్లాడను.”

మర్నాడు మధ్యాహ్నం బందరు బస్సు దిగి నాగుల్ మీరా వచ్చాడు, వెంట భార్య బీబీజాన్. హాల్లో ఆడవాళ్ల గేటు దగ్గర టిక్కెట్లు చింపింది ఆవిడే. జగన్మోహనరావు గారు ఎదురెళ్లి అతని రెండు చేతులూ పట్టుకున్నారు.

“సగమైపోయావేంట్రా మీరా?”

“షుగరండీ ఓనరు గారూ. అన్నం తగ్గించేశాం,” అంది బీబీజాన్. మీరా నవ్వి సలాం పెట్టాడు.

“వీడికి మాట తక్కువ. అప్పుడూ ఇంతే,” అన్నారు ఆయన అంకమ్మరావుతో.

అంకమ్మరావు రిమోట్ ఇచ్చి రెండు బటన్లు చూపించాడు. మీరా వాటిని బొటనవేలితో తడిమి చూసుకున్నాడు. స్టూలు లాక్కుని టీవీ పక్కన వేసుకుని, తెర వైపు వీపు పెట్టి కూర్చున్నాడు.

“సినిమా అటండి,” అన్నాడు అంకమ్మరావు.

“ఆయన పద్ధతి ఆయనది. మీరు పెట్టండి బాబూ,” అంది బీబీజాన్.

నిన్నటి సినిమానే పెట్టారు. తల్లి మాట్లాడింది. ఈసారి ప్రతి మాటా పక్కింటి పిన్ని అరుగు మీద కూర్చుని చెప్పినట్టు వినపడింది. నిన్నటి మోత గుర్తొచ్చి ఝాన్సీలక్ష్మి గారు ముందే చెవులు మూసుకున్నారు. లారీ పేలింది. కాలవ అవతలి గట్టున టపాకాయ కాల్చినట్టుంది, అంతే. మీరా బొటనవేలు మాత్రం పైకీ కిందికీ ఆడుతూనే ఉంది. ఝాన్సీలక్ష్మి గారు ఏమందని ఒక్కసారి కూడా అడగలేదు. కొడుకు ఇల్లు విడిచి వెళ్లే చోట కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు. సగంలో జగన్మోహనరావు గారు అలవాటుగా “ఇంటర్వెల్” అన్నారు. అందరూ లేచి టీ తాగారు.

సినిమా అయ్యాక జగన్మోహనరావు గారు లేచి మీరా భుజం మీద చెయ్యి వేశారు.

“హాలు కూలగొట్టిన రోజు నుంచీ ఇట్లాంటి సినిమా చూడలేదురా,” అన్నారు. “అంకమ్మరావూ, నీ బాక్సులు ఉండనియ్. ప్రతి ఆదివారం వీడిని పిలిపించుకుంటాను.”

అంకమ్మరావు బుర్ర అప్పటికే ఇంకో అడుగు ముందుకేసింది. వరండాలో చెప్పులు తొడుక్కుంటున్న మీరాను అందుకున్నాడు.

“బాబాయ్, మా షాపులో కుర్చీ వేస్తాను, వచ్చి కూర్చో. వచ్చినవాళ్లకి నువ్వు సౌండు పెట్టి చూపించు. నీ చెవులు నా షాపులో ఉంటే బందరు నుంచి నాగాయలంక దాకా నాకు పోటీ ఉండదు.”

మీరా నవ్వి, మెట్లు దిగి గేటు వైపు నడిచాడు. బీబీజాన్ ఒకసారి తలుపు వంక చూసి, గొంతు తగ్గించింది.

“ఓనరు గారికి తెలియనివ్వకండి బాబూ. తెలిస్తే పని తీసేస్తారని ఇన్నేళ్లూ దాచాం. జనం మెడలు ముందుకు చాస్తే పెంచేవారు, ఆడవాళ్లు పిల్లల చెవులు మూస్తే తగ్గించేవారు. హాలు తెరిచిన మూడో ఏటికే, ప్రొజెక్టరు మిషను మోతకి ఆయన రెండు చెవులూ పోయాయి.”