మంచు మీద చెట్లు

"ఎవడో మన చెట్లు పీకేస్తున్నాడు!" అని వంటగది కిటికీలోంచి లియోనా అరిచింది.

ఆమె భర్త ఆర్లిన్ టెష్ ఏప్రన్‌తోనే సరస్సు మీదికి పరుగెత్తాడు.

విస్కాన్సిన్‌లో 1956 మార్చి. ఈస్టర్‌కు ముందు క్రైస్తవులు నియమాలు పాటించే శ్రమకాలం, శుక్రవారం. మాంసం ముట్టని రోజు. ఆర్లిన్ నడిపే సప్పర్ క్లబ్ అనే భోజనశాలలో వేయించిన చేప తినడానికి అవతలి ఒడ్డు జనం గడ్డకట్టిన సరస్సు మీదుగానే కార్లలో వస్తారు. క్రిస్మస్ అయ్యాక పారేసిన చెట్లను మంచులో వరసగా పాతి ఆర్లినే దారి గుర్తు పెడతాడు.

ఒడ్డు వెంట తిరిగి వస్తే ముందు ఆర్లిన్‌కు పోటీదారు రోమన్ అనేవాడి క్లబ్ తగులుతుంది. అది దాటి ఇక్కడిదాకా ఎవరూ రారు.

మంచు మీద ఒక ముసలాయన రెండు చెట్లను ఈడ్చుకెళ్తున్నాడు.

"ఏయ్! రోమన్ పంపించాడా నిన్ను?"

"ఎవరూ పంపలేదండి. మలుపు దగ్గర మంచు పలచబడింది. సాయంత్రం కార్లు రానివ్వకండి."

"నిన్న దీని మీద పాల లారీ వెళ్లింది."

"నిన్న వెళ్లిందండి. ఇవాళ ఎండ కాసింది."

"ఊరుగాని ఊరు నుంచొచ్చి నా సరస్సు గురించి నాకు చెప్తావా? పో, రోమన్ దగ్గరే చేప తిను. వాడు ముళ్లు తియ్యడు. గొంతులో ఇరుక్కుంటే నోరైనా మూతపడుతుంది."

క్లబ్ మెట్ల మీద ఉన్నవాళ్లు నవ్వారు.

ఆర్లిన్ చెట్లు లాక్కుని ఎక్కడివక్కడే పాతాడు.

చీకటి పడింది. కార్లు రాలేదు. పిండి పట్టించిన చేపలు పళ్లేల్లోనే ఉండిపోయాయి.

చివరికి అవతలి ఒడ్డు నుంచి ఎప్పుడూ వచ్చే మార్సెల్లా క్లేసర్, ఆమె భర్త ఒడ్డు దారిన వచ్చారు.

"మలుపు దగ్గర ఒక ముసలాయన కోటు విప్పి ఊపుతూ కారుకు అడ్డం నిలబడ్డాడు. మా ఆయన బూతులు తిట్టాడు. అయినా కదల్లేదు. మేం కారు వెనక్కి తిప్పామో లేదో, ఆయన వెనకే మంచు పగిలింది ఆర్లిన్. నీ చెట్లు మునిగిపోయాయి."

"ఆయన?"

"ఒడ్డుకు చేరాడు. వచ్చిన ప్రతి కారునూ ఆపి వెనక్కి పంపాడు. లోపలికొచ్చి చలి కాచుకోమంటే, ఈ క్లబ్‌లో అడుగు పెట్టనన్నాడు."

ఆర్లిన్ కోటు అందుకున్నాడు.

"కాళ్లు పట్టుకునైనా తీసుకొస్తాను. ఎక్కడున్నాడు?"

"బస్సెక్కేశాడు. ఎవరో గుర్తుపట్టలేదా నువ్వు?"

"లేదు."

"పట్టవులే. అంత్యక్రియలకు నువ్వు రాలేదుగా."

ఆర్లిన్ కోటు మళ్లీ కొక్కేనికి తగిలించాడు.

పోయిన ఏడాది ఆ మలుపులోనే కారుతో సహా మునిగిపోయిన కుర్రాడికి ఆయన తండ్రి. తన మంచు దారికి చెడ్డపేరు రాకూడదని, కుర్రాడు తాగి నడిపాడని షెరీఫ్‌తో అబద్ధం చెప్పింది ఆర్లిన్.