గోంగూర వెనక సీసా

“గీతూకి దగ్గు మందు ఎంత వెయ్యాలి హర్షా? రెండున్నర ఎంఎల్లా, ఐదా?”

హెర్న్‌డన్‌లో, ఆఫీసు క్యూబికల్‌లో కూర్చుని కోడ్ చూసుకుంటున్న హర్షవర్ధన్ భార్య ఫోన్‌కి సగం మనసుతోనే జవాబిచ్చాడు. “ఏ మందు వల్లీ?”

“అదే, మీ అమ్మ ఇండియా నుంచి పంపిన బ్రౌన్ సీసా. అయిపోయిందనుకున్నా. ఫ్రిజ్‌లో గోంగూర పచ్చడి వెనకాల దొరికింది. ఇంకా సగానికి పైనే ఉంది.”

హర్ష చెయ్యి మౌస్ మీద ఆగిపోయింది.

ఆ సీసాలో దగ్గు మందు రెండు నెలల కిందటే అయిపోయింది. ఇప్పుడున్నది ఎలక్ట్రానిక్ సిగరెట్‌లో పోసుకునే నికోటిన్ లిక్విడ్. పక్కూరు షాంటిలీలో అది అమ్మినవాడు చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. వెలుతురు తగిలితే రంగు మారుతుంది, వేడికి ఘాటు చస్తుంది, గాలికి రుచి పోతుంది. ముదురు రంగు గాజు సీసాలో పోసి, మూత బిగించి చల్లగా ఉంచుకో, పిల్లలకి మాత్రం అందనివ్వకు అని. హర్ష అన్నీ తూచా తప్పకుండా పాటించాడు, ఆ చివరిదొక్కటి తప్ప. సీసా మీద లేబుల్ కూడా చింపలేదు. చింపితే ఇదేమిటని శ్రీవల్లి అడుగుతుంది కదా! ఉగాది నాడు ఐదేళ్ళ కూతురి నెత్తిన చెయ్యి పెట్టి, ఇక పొగ జోలికి పోనని ఒట్టేసిన మహానుభావుడు మరి.

“అది వద్దులే,” అన్నాడు. “ఎక్స్‌పైర్ అయిపోయుంటుంది. పారబోసెయ్.”

“డేట్ చూశాను. వచ్చే మార్చి దాకా ఉంది.”

“అయినా వద్దు వల్లీ. రంగు మారిపోయింది.”

“ఆఫీసులో కూర్చున్నవాడివి, రంగు మారిందని నీకెలా తెలుసు?” శ్రీవల్లి నవ్వింది. “స్ట్రాబెర్రీ వాసన కూడా వస్తోంది, నిక్షేపంలా ఉంది. ఇక్కడి డాక్టరేమో తేనె పట్టిస్తే చాలంటుంది. పిల్ల పొద్దుట్నుంచి దగ్గలేక చస్తోంది. గీతూ, కమ్. నోరు తెరువమ్మా.”

నిజం హర్ష నాలుక చివరిదాకా వచ్చింది. అది విషం అనాలి, అంతే, రెండు మాటలు. అంటే మాత్రం, విషం మన ఫ్రిజ్‌లోకి ఎలా వచ్చిందని వెంటనే అడుగుతుంది. ఆ ప్రశ్నకి భయపడ్డాడు. సిగ్గులేని మనసు ఆ క్షణంలో కూడా ఇంకో అబద్ధం కోసమే వెతుక్కుంది.

“ఆగు, వచ్చేప్పుడు నేను కొత్తది తెస్తాను...”

“గుడ్ గర్ల్!” అవతల శ్రీవల్లి గొంతు. “ఐదు వేసేశా హర్షా. అసలు పేచీయే పెట్టలేదు.”

“మింగనివ్వకు వల్లీ!” హర్ష కుర్చీలోంచి లేచి అరిచాడు. “అది మందు కాదు! నికోటిన్! విషం!”

పక్క క్యూబికల్‌లోంచి మోహన్ ఉలిక్కిపడి లేచాడు.

“ఏంటి నువ్వనేది?” ఫోన్‌లో శ్రీవల్లి.

“నేను మానలేదు వల్లీ. సిగరెట్లు మానేసి ఇది పట్టుకున్నాను. నీకు తెలీకూడదని ఆ సీసాలో నేనే పోసి దాచాను. ముందు పిల్ల నోరు చూడు!”

ఫోన్ దేనిమీదో పడ్డ చప్పుడు. “గీతూ! గీతూ!” అంటూ శ్రీవల్లి పరుగు. ఆ తర్వాత ఏమీ వినపడలేదు.

మోహన్ వెంటనే తన ఫోన్‌లో అంబులెన్స్ కోసం నైన్ వన్ వన్ కొట్టి, “ఇంటి అడ్రస్ చెప్పు బ్రో, త్వరగా!” అన్నాడు. హర్ష నాలుగేళ్ళుగా ఉంటున్న ఇంటి నంబరు రెండుసార్లు తప్పు చెప్పి మూడోసారి సరిగ్గా చెప్పాడు. ఫోన్ చెవికి ఆనించుకునే పార్కింగ్ వైపు పరిగెత్తాడు. అరక్షణం ముందు నోరు విప్పితే పోయేదేముంది? భార్య దగ్గర పరువు. ఆ పాటి పరువు కోసం కూతుర్ని పణం పెట్టాడు. ఆ పిల్ల నెత్తి మీద వేసిన ఒట్టు గుర్తొచ్చింది. మెట్ల మీద రెయిలింగ్ పట్టుకుని నిలబడిపోయాడు.

“హర్షా...” శ్రీవల్లి మళ్ళీ ఫోన్ అందుకుంది. “మింగలేదు. నేనిటు తిరిగి నీతో మాట్లాడుతుంటే సింక్‌లో ఉమ్మేసిందట. నోరు కడుక్కుంటోంది.”

హర్ష మెట్ల మీదే కూలబడ్డాడు. ఏడుపు ఆగలేదు. “అంబులెన్స్ వస్తోంది. ఉమ్మేసినా సరే, తీసుకెళ్ళి చూపించు. నన్ను ఎన్ని తిట్టినా పడతాను.”

ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండుననిపించింది అతనికి. ఫోన్ స్పీకర్‌లోనే ఉన్నట్టుంది, తల్లీ కూతుళ్ళ మాటలు వినపడుతున్నాయి.

“ఎందుకు ఉమ్మేశావమ్మా? చేదుగా ఉందా?”

“డాడీ చెప్పేశాడుగా, అది కాఫ్ మెడిసిన్ కాదు అమ్మా. డాడీ స్మోక్ వాటర్. గరాజ్‌లో డాడీ ఆ బాటిల్ నుంచే పోస్తాడు. నేను విండో నుంచి చూశా.”

హర్ష ఇన్నాళ్ళూ ఎవరూ చూడలేదనే అనుకున్నాడు.

“తెలిసి కూడా నోట్లో ఎందుకు పోయించుకున్నావే?” అంది శ్రీవల్లి. “వద్దని నాకు ముందే చెప్పొచ్చు కదమ్మా!”

కాసేపు దగ్గు. తర్వాత, అమ్మకి వినపడకూడదన్నట్టు, ఫోన్‌కి మరీ దగ్గరగా వచ్చింది గీతూ గుసగుస.

“నేను ముందే చెప్తే అమ్మ నీ మీద షౌట్ చేస్తుంది కదా డాడీ, అందుకే నోరు ఓపెన్ చేశా.”