పట్టూ బంగారమూ

"సూది గుచ్చక్కర్లేదు, రక్తం తీయక్కర్లేదు, అంతేగా?" అంటూ అత్తగారు పట్టీని వెలుతురుకి ఎత్తి చూసింది.

ఉల్లిపొర కంటే పల్చగా ఉందది. కోడలు ల్యాబ్‌లో పట్టుదారాన్ని కరిగించి, కంటికి ఆననంత చిన్న బంగారు రేణువులు కలిపి ఆరబెట్టిన పొర. ఒంటికి అంటిస్తే చర్మంతో పాటే సాగుతుంది, ముడుచుకుంటుంది. చెమటలోని చక్కెరను కొలిచి ఫోన్‌కి పంపుతుంది.

ప్రయోగానికి మనుషులు కావాలనగానే మామగారు చెయ్యి వెనక్కి లాక్కున్నారు. డాక్టరన్నా పరీక్షలన్నా ఆయన ఆమడ దూరం. అత్తగారు మాత్రం, పట్టూ బంగారమూ ఒకేసారి పెట్టే కోడలు ఎంతమందికి దొరుకుతుందని నవ్వింది. తనే అంటించుకుంటానని పట్టీల పొట్లం తీసుకుంది.

మర్నాడు ఫోన్ తెరిచిన కోడలి గుండె ఝల్లుమంది. చక్కెర గీత నిట్టనిలువుగా లేచింది. పట్టీ మార్పించినా అదే వరస. ఇక ఆగలేక అత్తగారిని ఆసుపత్రికి తీసుకెళ్లింది. రక్తంలో చక్కెర మామూలుగానే ఉందన్నారు.

ల్యాబ్‌లో కోడలి పని చూసే ప్రొఫెసర్ పెదవి విరిచారు. అంకెలు నమ్మలేనప్పుడు ఈ పని ఇంతటితో ఆపేద్దామన్నారు. కోడలు పొర మందం మార్చింది, రేణువుల పాళ్లు మార్చింది. తన చేతి మీద నిజం చెప్పే పట్టీ, అత్తగారి దగ్గరికి వెళ్లగానే ఎందుకు అబద్ధమాడుతోందో ఎంత తల బద్దలు కొట్టుకున్నా అంతుపట్టలేదు.

ఆ సాయంత్రం వంటింట్లో అత్తగారి పక్కన కూలబడి, ఇక తన వల్ల కాదంది.

అత్తగారు స్టవ్ కట్టేసి ఆమె వైపు తిరిగింది.

"నీకూ, ల్యాబ్‌లో మిగతావాళ్లకీ సరిగ్గానే చూపిస్తోందా?"

"అందరికీ రక్తపరీక్షతో సరిపోయింది. మీ దగ్గరే తేడా కొడుతోంది అత్తయ్యా."

"అయితే నీ పట్టీలో తప్పు లేదు." అత్తగారు కొంగుతో చేతులు తుడుచుకుంది. "రేపు పొద్దున్నే డాక్టర్ దగ్గరికి వెళ్దాం."

"మీకు బాగానే ఉందన్నారుగా?"

"నడుంనొప్పి పట్టీలని చెప్పి, అవన్నీ మీ మామయ్య నడుముకి అంటించానమ్మా."